అత్త చేతి తలంటు

మురుంగపాక్కం, పుదుచ్చేరి
సెప్టెంబర్ 22

అక్కా,

నువ్వూ, బావ మోకాళ్ళూ కులాసా అనుకుంటాను. మొన్న ఫోన్లో నా గొంతు అదోలా ఉందన్నావు. ఏమీ లేదన్నాను. ఉంది. కానీ ఫోన్లో చెప్పలేను. ఈ ఇల్లు నీకు తెలుసు కదా, హాల్లో దగ్గితే మేడ మీద వినిపిస్తుంది. వాట్సాప్‌లో రాద్దామంటే నా ఫోను ఎప్పుడూ ఆయన చేతిలోనో ఉదయ్ చేతిలోనో ఉంటుంది. నాన్న మనిద్దరినీ కూర్చోబెట్టి, చెవులు మెలేసి నేర్పిన తెలుగు అక్షరాలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి. ఇక్కడ అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే. చదవగలిగింది మాత్రం నేనొక్కదాన్నే. ఈ కాగితం బల్ల మీద తెరిచి పెట్టినా నాకు భయం లేదు.

సంగతి కోడలిది.

కీర్తిక ఆడి నెలకు, అదే మన ఆషాఢానికి, విల్లుపురంలో పుట్టింటికి వెళ్ళి ఆవణి నెల పుట్టాక తిరిగి వచ్చింది. అలా వచ్చిన కొత్త కోడలికి మొదటి శుక్రవారం అత్తే తన చేత్తో తలంటు పోయాలి కదా. మా అత్త పట్టమ్మాళ్ నాకు పోసింది, నేను కీర్తికకు పోయాలి. నువ్వుల నూనెలో మిరియాలు వేసి కాచి, పీట వేసి పిలిచాను. మెడ నుంచి మోకాళ్ళ దాకా పాత చీర బిగించి చుట్టుకుని వచ్చింది.

"ఏంది పాపా, నేను నీకు అత్తను, మీ ఆఫీసు మేనేజర్ను కాదు" అని నవ్వించాను. వీపుకు నూనె రాసి, ఇటు తిప్పి, చీర కొంచెం జరిపాను.

అక్కా, పొట్ట అడుగంతా గీతలు. నడుము దాకా, తొడల దాకా, తెల్లగా మెరుస్తూ. బిడ్డను కన్నవాళ్ళ పొట్ట మీద ఉండే గీతలు. పెళ్ళయి నాలుగు నెలలు కూడా కాలేదు.

"ఇదేంది కీర్తికా" అన్నాను.

"చుమ్మా అత్తా, ఏం లేదు. చిన్నప్పటిది."

"చిన్నప్పుడు ఏమైంది?"

చీర పైకి లాక్కుంది. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ శీకాయ పడిందంది. నేనింకా శీకాయ కలపనే లేదు.

ఆ మరుసటి వారం నుంచి శనివారం పూట ఆఫీసులో పని ఉందని బయలుదేరుతోంది. వచ్చాక నడుము పట్టుకుని మెల్లగా నడుస్తుంది. దాని గదిలో ఏదో మందు వాసన. ఉదయ్‌ని అడిగితే "ఆఫీసులో ఆడిట్ అంటమ్మా" అంటాడు. వాడి మొహం చూస్తే వాడికీ ఏమీ తెలియదనిపిస్తుంది.

ఈ సంబంధం చెప్పింది నువ్వు. పిల్ల తల్లి బావకు దూరపు చుట్టమని, మంచివాళ్ళని నువ్వే అన్నావు. నీకు తెలిసి నా దగ్గర దాచింది ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు.

నీ చెల్లెలు
హేమ


పుత్తూరు
అక్టోబర్ 3

హేమా,

నీ ఉత్తరం అందింది. మా వీధిలో ఉత్తరాలు వచ్చేది నాకొక్కదానికే. పోస్టుమ్యాన్ ఇప్పుడు కవరు ఇచ్చి వెంటనే పోకుండా, మజ్జిగ తాగి, ఊళ్ళో సంగతులు చెప్పి మరీ పోతున్నాడు.

నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతే. అమ్మ పప్పులో ఉప్పు ఎక్కువైతే, పక్కింటివాళ్ళు వచ్చి వేశారేమో అన్నదానివి. ఆడపిల్ల ఒంటి మీద గీతలు సవాలక్ష కారణాలకు వస్తాయి. మా మనవరాలు అభినయ పదో తరగతిలో ఉన్నట్టుండి పొడుగు పెరిగింది. వీపు మీద అడ్డంగా గీతలు పడ్డాయి. దాన్ని కూడా బిడ్డ యాడ అని అడుగుతావా?

కొత్తగా వచ్చిన పిల్ల. నువ్వు ఒళ్ళు చూసి ఇదేంది అంటే ఎవరైనా చీర లాక్కుంటారు. దాన్ని కొన్నాళ్ళు దాని మానాన వదిలిపెట్టు. చెప్పాలనిపించినప్పుడు అదే చెబుతుంది.

ఉదయ్ ఎలా ఉన్నాడు? మేట్టుపాళయం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు తగ్గాయా? పోయినసారి ఫోటోలో చిక్కినట్టు కనిపించాడు. కళ్ళ కింద నలుపు కూడా వచ్చింది. పాలకాయలు చేశాను, వాడికి ఇష్టమని. బావ స్నేహితుడు అటు వస్తున్నాడు, డబ్బా ఇచ్చి పంపుతాను. వాడిని సరిగ్గా నిద్రపోనియ్యి.

అక్క
అమృతవల్లి


మురుంగపాక్కం
అక్టోబర్ 19

అక్కా,

పాలకాయలు అందాయి. నేను అడిగినదానికి నువ్వు జవాబు చెప్పలేదు. దాచావా అంటే అభినయ పొడుగు గురించి రాశావు.

పోయిన శనివారం దాని వెనకాలే వెళ్ళాను. తప్పంటావు, అను. మా వీధి ఆటో వెట్రివేల్‌ను పిలిచి, కోడలు ఎక్కిన ఆటో వెంట పోనిమ్మన్నాను. "ఏమ్మా, పోలీసు ఉద్యోగమా" అని నవ్వాడు. దాని ఆఫీసు కూడా మేట్టుపాళయంలోనే, అటు తిరగాలి. తిరగలేదు. నూరడుగుల రోడ్డులో ఒక అద్దాల మేడ ముందు దిగింది. చర్మానికి, జుట్టుకు వైద్యం చేసేచోటు.

అది లోపలి గదికి వెళ్ళాక నేనూ వెళ్ళాను. బుగ్గ మీది మచ్చలకు వచ్చానని చెప్పి కూర్చున్నాను. గోడ మీద ఒక బొమ్మ. ఒక ఆడదాని పొట్ట, ఎడమ పక్క గీతలతో, కుడి పక్క గీతలు లేకుండా. పక్కన బొద్దుగా ఒక పసిబిడ్డ. "ప్రసవం తర్వాత మళ్ళీ మునుపటి మీరు" అని తమిళంలో రాసి ఉంది. అక్కడి పిల్లను అడిగాను. లేజర్ అంట. ముందు తిమ్మిరి మందు రాసి గంటసేపు కూర్చోబెడతారు. తర్వాత సన్నటి వెలుతురుతో చర్మాన్ని చుక్కలు చుక్కలుగా కాలుస్తారు. లేజర్ నెలకోసారి, మధ్య వారాల్లో చూపించుకోవడానికి రావాలి. గీతలు పూర్తిగా పోవు, మసకబారతాయి.

"ఎక్కువ ఎవరు వస్తారమ్మా" అన్నాను.

"డెలివరీ అయినవాళ్ళే ఆంటీ" అంది.

ఇంకేం కావాలి నీకు? దాచవలసింది లేకపోతే చెరపడం ఎందుకు? నేను చూసిన మరుసటి వారమే ఎందుకు మొదలుపెట్టింది? సాక్ష్యం చెరుపుతోంది. యాడో ఒక బిడ్డ ఉంది. ఏ అమ్మమ్మ దగ్గరో, ఏ హాస్టల్లోనో పెరుగుతోంది. నా కొడుకు వెర్రివాడిలా ఆడిట్ అంటున్నాడు.

ఇంకో మాట, మనసులో పెట్టుకోకుండా రాసేస్తున్నాను. నీ ఉత్తరంలో సగం ఉదయ్ గురించే. వాడి నిద్ర, వాడి తిండి, వాడి కళ్ళ కింద నలుపు. అవన్నీ నేను చూసుకుంటాను. నువ్వు నీ కూతుళ్ళను చూసుకో.

దీపావళి అయ్యాక ఉదయ్‌తో చెప్పేస్తాను.

హేమ


పుత్తూరు
అక్టోబర్ 25

హేమా,

చెప్పవద్దు. వాడితో కాదు, ఎవరితోనూ వద్దు.

ఒక ఇల్లు విరగడానికి ఒక్క మాట చాలు, అతకడానికి మన ఆయుష్షు చాలదు. నీకు అంత అనుమానంగా ఉంటే తలుపు వేసుకుని కీర్తికనే అడుగు. మెత్తగా అడుగు. గోడ మీది బొమ్మను కాదు, ఆ పిల్ల మొహం చూసి అడుగు.

ఉదయ్ గురించి ఇక అడగను.

అక్క


మురుంగపాక్కం
నవంబర్ 14

అక్కా,

అడిగాను. నువ్వన్నట్టే తలుపు వేసి అడిగాను. మెత్తగా మొదలుపెట్టాను కానీ చివరిదాకా అలాగే ఉన్నానని చెప్పను.

"ఆ బిడ్డ యాడుంది?" అన్నాను.

మొదట దానికి అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తర్వాత చెప్పింది. చిన్నప్పుడు కిడ్నీ జబ్బు అంట. ఒళ్ళంతా నీరు పట్టి, కళ్ళు తెరవలేనంతగా వాచిపోయేదంట. ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగించారంట. ఆ మాత్రలకు ఒళ్ళు ఉబ్బి, చర్మం సాగి గీతలు పడ్డాయంట. కాలేజీకి వచ్చేసరికి జబ్బు నయమైంది, గీతలు మిగిలాయి. జబ్బు పిల్ల అంటే సంబంధాలు రావని వాళ్ళమ్మ ఎవరితోనూ చెప్పనివ్వలేదంట.

కథ బాగుంది. మాత్ర మింగితే పొట్ట మీద గీతలు పడతాయా? చీర జరిపి చూపించింది. లేజర్ పెట్టినచోట గీతలు పోలేదు సరికదా, చుట్టూ చర్మం నల్లబడింది. చూడలేకపోయాను. అయినా నమ్మలేదు.

ఉదయ్ వచ్చాక వాడి ముందు పెట్టాను. వాడేమన్నాడో తెలుసా? "నాకు తెలుసమ్మా. పెళ్ళిచూపులప్పుడే చెప్పింది. లేజర్ వద్దన్నా వినలేదు. నువ్వు ఇట్లా అడుగుతావని నేను అనుకోలేదు" అన్నాడు. ఆడిట్ అని నాతో అబద్ధం చెప్పిన కొడుకు ఇప్పుడు నాకు నీతి చెబుతున్నాడు. పిల్ల వాడిని పూర్తిగా గుప్పిట్లో పెట్టుకుంది.

కీర్తిక మరునాడే విల్లుపురం వెళ్ళిపోయింది. వాడు నాతో మాట్లాడడం లేదు. పళ్ళెం ముందు కూర్చుని, తిని, లేచిపోతున్నాడు. ఆయన పేపర్లో తల దూర్చి పైకెత్తడం లేదు.

నేను వెనక్కి తగ్గను. ఈ నెలాఖరు ఆదివారం వాళ్ళ పెద్దలను మా ఇంటికి రమ్మన్నాను. జబ్బు అయితే ఆసుపత్రి కాగితాలు పెట్టాలి, లేకపోతే పిల్లను అక్కడే ఉంచుకోవాలి. సంబంధం చెప్పినదానివి నువ్వు, నువ్వూ రావాలి.

నన్ను ఎవరూ మోసం చెయ్యలేరు అక్కా. బిడ్డను కన్న ఒళ్ళు నాకు తెలియదా? నేనూ ఒకణ్ణి కన్నదాన్నే.

హేమ


పుత్తూరు
నవంబర్ 19

హేమా,

నీ ఉత్తరంలో చివరి రెండు మాటల దగ్గర ఆగిపోయాను. బావ భోజనానికి పిలిచినా లేవలేదు. బిడ్డను కన్న ఒళ్ళు నాకు తెలియదా అని రాశావు.

తెలియదు హేమా. నీకు తెలియదు.

ఈ సంగతి నోటితో అననని, కాగితం మీద పెట్టనని నీకు మాట ఇచ్చాను. ఇరవై ఎనిమిదేళ్ళు నిలబెట్టుకున్నాను. ఇవాళ తప్పుతున్నాను. నీ ఇంట్లో దీన్ని చదవగలిగింది నువ్వొక్కదానివే అన్నావు కాబట్టి రాస్తున్నాను. చదివి పొయ్యిలో వేసెయ్యి.

నీకు రెండుసార్లు కడుపు పోయింది. మీ అత్త కొడుక్కి ఇంకో పిల్లను చూస్తోందని తెలిసి నువ్వు నా దగ్గరికి వచ్చి పడ్డావు. నేను అప్పుడు మూడోసారి కడుపుతో, బావ ఉద్యోగం మీద మనల్ని ఎవరూ ఎరగని ఊళ్ళో ఉన్నాను. నువ్వు మళ్ళీ నెల తప్పావని, పురుడు నా దగ్గరేనని మీ అత్తింటికి కబురు పంపాం. నీ మొగుడికీ, మా ఆయనకూ, మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఉదయ్ పుట్టి పదకొండో రోజు దాటాక నువ్వు వాడిని ఎత్తుకుని బస్సెక్కావు. ఇచ్చినందుకు నేను ఎప్పుడూ బాధపడలేదని రాస్తే అబద్ధం. బాధపడ్డాను. అయినా మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ ఇస్తాను.

నా కూతుళ్ళిద్దరికీ నా పొట్ట మీద ఒక్క గీత పడలేదు. ఉదయ్ మంచి బరువు. తొమ్మిదో నెలలో చర్మం చిట్లినట్టయి రాత్రంతా దురద. ఆ గీతలు వాడివి. నువ్వు వాడి ఉగ్గుగిన్నె, దుప్పటి, మొలతాడు అన్నీ సర్దుకుని తీసుకెళ్ళావు. నా దగ్గర మిగిలినవి ఆ గీతలే.

గీతలు ఉన్నచోట బిడ్డ ఉండాలని నువ్వు పట్టుబడుతున్నావు. అప్పట్లో నా ఒళ్ళు చూసి ఎవరైనా ఈ గీతల బిడ్డ యాడ అని అడిగి ఉంటే నేనేం చెప్పేదాన్ని? నీ నున్నటి పొట్ట చూసి ఈ బిడ్డ ఎవరిదని అడిగి ఉంటే నువ్వేం చెప్పేదానివి? గీతలు చూసి ఏమీ తేల్చలేమని చెప్పడానికి మనిద్దరం చాలమా?

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. దాచాను. కీర్తిక జబ్బు సంగతి వాళ్ళమ్మ నాకు ముందే చెప్పింది. ఆ పిల్ల వాపులతో మంచం మీద ఉన్నప్పుడు నేను కళ్ళారా చూశాను కూడా. నీకు చెబితే వద్దంటావని తెలుసు. ఆ పిల్ల ఓర్పు, నవ్వు నాకు నచ్చాయి. వాడికి సరిపోతుందనిపించింది. ఉదయ్ పేరు నువ్వు పెట్టావు, బడి నువ్వు చూశావు, ఉద్యోగం వాడు చూసుకున్నాడు. వాడి బతుకులో నేను తీసుకున్న నిర్ణయం అదొక్కటే. దాన్ని విరగ్గొట్టవద్దు.

నిన్ను బెదిరించడానికి రాయలేదు. ఆదివారం నేను రాను. నువ్వు ఏం చేసినా ఈ మాట నా నోట మళ్ళీ రాదు.

అక్క


మురుంగపాక్కం
డిసెంబర్ 2

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట నాకు వచ్చింది కోపం. ఇన్నేళ్ళూ కాచుకుని కూర్చుని ఇప్పుడు వాడిని అడుగుతున్నావనుకున్నాను. కోడలి కోసం రాసినట్టు రాసి కొడుకు కోసం రాశావనుకున్నాను. నా బుద్ధి నీకు తెలుసు కదా. పొయ్యి వెలిగించి కాగితం చేత్తో పట్టుకున్నాను.

పొయ్యి పక్కనే నూనె గిన్నె ఉంది. కీర్తికకు పోసిన రోజు కాచిన గిన్నె. అది చూసి మా అత్త పట్టమ్మాళ్ గుర్తొచ్చింది.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఉదయ్‌ని తీసుకుని వచ్చిన మూడో రోజు ఆమె నాకు బాలింత స్నానం పోయడానికి పీట వేసింది. నాకు వద్దని చెప్పే దారి లేదు. వీపుకు రాసింది, చేతులకు రాసింది, పొట్ట మీదికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. ఏడుగురిని కన్న మనిషి, ఊళ్ళో ఎందరు బాలింతలకు నీళ్ళు పోసిందో. నా పొట్ట అరచేతిలా ఉంది, గీత లేదు, వదులు లేదు. నా ప్రాణం పోయిందనుకున్నాను. ఆమె ఇంకొంచెం నూనె తీసుకుని మళ్ళీ రాసింది.

"నడుముకు గుడ్డ గట్టిగా కట్టుకో పాపా" అంది. "ఈ నలభై దినాలూ నేను తప్ప ఎవురూ నీకు నీళ్ళు పొయ్యొద్దు."

అలాగే చేసింది. ఆడబిడ్డలు పోస్తామని వస్తే గడప దాటనివ్వలేదు. "నా కోడలికి నేనే పోస్తా" అని పంపేసింది. నడుముకు గుడ్డ తానే కట్టేది, మందంగా, రెండు చుట్లు. ఇంకో పిల్లను చూసే మాట ఆ రోజుతో ఆగిపోయింది. చనిపోయేదాకా ఉదయ్‌ని ఒళ్ళో నుంచి దించలేదు. నేను ఆమెను మోసం చేశానని అనుకున్నాను అక్కా. నా మీద ప్రేమతో ఇంకెవరినీ రానివ్వలేదని గర్వపడ్డాను కూడా. ఆమెకు మొదటిరోజే తెలుసు. ఇంకెవరి చెయ్యీ నా పొట్ట మీద పడకూడదని కాపలా కాసింది. నేను నీ ఉత్తరం పట్టుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆయన వచ్చి చూసి, ఏమీ అడగకుండా పొయ్యి ఆర్పి వెళ్ళాడు.

నాకు అలాంటి అత్త దొరికింది. కీర్తికకు నేను దొరికాను.

పెద్దలను రావద్దని ఫోన్ చేసి చెప్పాను. శుక్రవారం పొద్దున్నే నూనె సీసా, శీకాయ సంచీలో వేసుకుని విల్లుపురం బస్సెక్కాను. కీర్తిక తల్లి తలుపు తీసి, నన్ను చూసి బిత్తరపోయింది. ఆసుపత్రి కాగితాల కోసం వచ్చాననుకుని లోపలికి వెళ్ళి ఒక సంచీ తెచ్చి నా ముందు పెట్టింది. నేను దాన్ని తెరవలేదు. పీట యాడుందని అడిగాను.

కీర్తిక రానంది. నేను పెరట్లో పీట పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చింది. ఈసారి చీర నేను జరపలేదు. తల అంటి, వీపు రుద్ది, అంతటితో ఆగాను. అదే జరుపుకుంది. నల్లబడినచోట నూనె తగలకూడదని డాక్టరమ్మ చెప్పిందంట. ఆ చోటు వదిలి చుట్టూ రాశాను.

"ఎవరి కోసం కాల్పించుకుంటున్నావు?" అన్నాను.

"మీ కోసమే అత్తా" అంది. "ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనూ మరిచిపోయినాను. ఆ పొద్దు మీరు చూసినారు కదా, ఆ చూపు పోతుందని."

గీతలను నేను చూసినందుకు చెరపబోయింది. చెరుపుతోందని నేను అనుమానించాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నీకు కావాలంటే చేయించుకో, నేనూ వచ్చి పక్కన కూర్చుంటా. నా కోసమైతే ఇంక పొయ్యొద్దు" అన్నాను. వాళ్ళమ్మ నీళ్ళ చెంబు అందుకోబోయింది. "నా కోడలికి నేనే పోస్తా" అన్నాను. ఆ మాట నా నోట వచ్చాక ఇద్దరూ నా వైపు అదోలా చూశారు, నేనెందుకు ఏడుస్తున్నానో వాళ్ళకు తెలియదు. శీకాయ పడిందన్నాను.

ఆదివారం ఉదయ్ వెళ్ళి తీసుకొచ్చాడు. కీర్తిక ఇంకా నాతో ఆచి తూచి మాట్లాడుతోంది. అది దాని హక్కు. ఉదయ్ మాత్రం నిన్న రెండోసారి సాంబారు అడిగాడు.

నీ ఉత్తరం కాల్చలేదు. మడిచి బీరువాలో పెట్టాను. వాడికి చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు, వస్తుందో లేదో తెలియదు. కానీ సంక్రాంతి దాటాక, తై నెలలో వాడి పుట్టినరోజుకు నువ్వు రా. ఎప్పుడూ పెళ్ళిళ్ళకు వచ్చి వెనక వరసలో కూర్చుని వెళ్ళిపోతావు. ఈసారి వాడికి తలంటు నువ్వు పొయ్యి. ఎందుకని వాడు అడిగితే పెద్దమ్మ ఆశపడిందని చెబుతాను. తిరిగి తీసుకుపోవడానికి కాదుగా అని ఒక్కసారి అడగాలనిపిస్తోంది. అడగను.

ఇంకొకటి. నువ్వు నిండు నెలలతో ఉన్నప్పుడు నీ ఇంట్లోనే ఉన్నాను, నీ పక్కనే పడుకున్నాను. రాత్రంతా దురద పెట్టిందని ఇవాళ నీ ఉత్తరంలో చదివితే తెలిసింది. వాడు ఎప్పుడు నా చేతికి వస్తాడా అని మాత్రమే చూశాను. నిన్ను చూడలేదు.

వచ్చినప్పుడు వాడి గీతలు నాకు చూపించు అక్కా. నూనె నేను కాచి ఉంచుతాను.

హేమ